డిపో గేటు దగ్గర ఎర్రజెండా: 2019 అక్టోబరులో ఏం జరిగింది

తెలంగాణ ఆర్టీసీలో గుర్తింపు సంఘం, అంటే కార్మికుల తరఫున యాజమాన్యంతో చర్చించే యూనియన్, ఎన్నికలు ఎప్పుడు పెడతారన్న ప్రశ్న మళ్లీ డిపోల ముందుకు వచ్చింది. కార్మికులు చివరిసారి ఓటేసింది 2016 జులైలో. ఆ రోజు లైన్లో నిలబడి ఓటేసినవాళ్లలో కొందరు రిటైరయ్యారు కూడా. మిగిలినవాళ్లు, గేట్ మీటింగుకు జెండా పట్టుకొచ్చే వామపక్ష నాయకుల మాట వింటారు, చప్పట్లు కొడతారు. సంఘం చందా రాయమంటే మాత్రం కాస్త ఆలోచిస్తారు. ఆ తటపటాయింపు ఎక్కడిదో తెలియాలంటే 2019లో ఉమ్మడి నల్గొండ జిల్లాలో జరిగిన హుజూర్‌నగర్ ఉపఎన్నిక దాకా వెనక్కి వెళ్లాలి.

నల్గొండ జిల్లా, కమ్యూనిస్టులు అనగానే సాయుధ పోరాటం నుంచి మొదలుపెట్టడం మనకు అలవాటు. అదంతా అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. 1991లోనూ 1996లోనూ గీత కార్మికుల నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షాన్ని, 1998లోనూ 2004లోనూ పాలమూరు బిడ్డ సురవరం సుధాకర్‌రెడ్డిని లోక్‌సభకు పంపిన నల్గొండ సీటు ఇది. అలాంటి చోట కూడా ఓట్లు కరిగిపోయాయి. 2018 అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తమ్మీద సీపీఐకి గానీ, సీపీఎంకు గానీ ఒక్క సీటూ రాలేదు. చేతిలో మిగిలినవి సంఘాలే.

ఆర్టీసీలో ఎంప్లాయీస్ యూనియన్‌ది సీపీఐ కార్మిక విభాగం ఏఐటీయూసీ దారి, స్టాఫ్ అండ్ వర్కర్స్ ఫెడరేషన్‌ది సీపీఎం వైపు సీఐటీయూ దారి. 2016లో గుర్తింపు గెలిచింది మాత్రం తెలంగాణ మజ్దూర్ యూనియన్. ఉద్యమంలో పుట్టి, టీఆర్ఎస్ అండన పెరిగిన సంఘం అది. ఎర్రజెండా సంఘాల పలుకుబడి ఓట్లలో కన్నా చిన్న పనుల్లో కనిపించేది. చెకింగ్‌లో ఒక్క టికెట్ తేడా వచ్చి కండక్టర్‌కు చార్జిషీటు ఇస్తే, జవాబు రాయించేది పక్కన కూర్చున్న సంఘం మనిషే. బస్సులో ఎందరున్నారు, ఏ స్టేజీలో ఎక్కారు, రద్దీలో డోరు దాకా వెళ్లడానికి వీలైందా, అన్నీ అడిగి రాయిస్తాడు. తప్పు ఒప్పుకున్నట్టు ఒక్క వాక్యం పడినా ఉద్యోగం మీదికి వస్తుందని అతనికి తెలుసు. సమ్మె నోటీసు భాష సరిచూడటం, కార్మిక శాఖ అధికారి పిలిచిన చర్చలకు వెంట వెళ్లడం, జీతం ఆగిన ఇళ్లకు బియ్యం పోగుచేయడం కూడా ఇలాంటివే. పేపర్లో రాని పనులు. నమ్మకం మాత్రం వీటితోనే వచ్చింది.

ఇక 2019. హుజూర్‌నగర్ ఉపఎన్నిక అక్టోబరు 21న. టీఆర్ఎస్ నాయకులు సీపీఐ రాష్ట్ర కార్యాలయం మఖ్దూం భవన్‌కు వచ్చి మద్దతు అడిగారు, సీపీఐ సరేనంది. సమ్మె మొదలవడానికి కొద్దిరోజుల ముందు మాట ఇది. అప్పటికే సమ్మె నోటీసు ఉంది, ప్రభుత్వంలో విలీనం సహా 26 డిమాండ్లున్నాయి. సమ్మె నోటీసిచ్చిన సంఘాల ఉమ్మడి కార్యాచరణ కమిటీ (జేఏసీ)లో ఏఐటీయూసీ సంఘం కూడా ఉంది. అంటే పార్టీ ఒక పక్క, దాని సంఘం ఇంకో పక్క.

అక్టోబరు 5న బస్సులు ఆగాయి. ఆ సాయంత్రం ఆరింటిలోగా డ్యూటీలో చేరనివాళ్లంతా తమంతట తాము ఉద్యోగం వదులుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. అప్పుడే ‘సెల్ఫ్ డిస్మిస్’ అనే మాట పల్లెల దాకా పాకింది. రోజుకు డ్రైవర్‌కు 1500, కండక్టర్‌కు 1000 రూపాయల లెక్కన తాత్కాలికంగా మనుషుల్ని పెట్టి కొన్ని బస్సులు నడిపారు. 8న దసరా. దాదాపు 48 వేల మందికి సెప్టెంబరు జీతం పడలేదు. డిపోల ముందు మహిళా కండక్టర్లు ఖాకీ బట్టల్లోనే బతుకమ్మ ఆడారు, రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. సమ్మె టెంట్లకు నీళ్ల క్యాన్లు, మైకు, కూర్చోడానికి పట్టాలు సర్దినవాళ్లలో సీపీఐ, సీపీఎం కార్యకర్తలు చాలామంది. అదే సమయంలో హుజూర్‌నగర్‌లో సీపీఐ మద్దతు కారు గుర్తుకు. టెంటులో కూర్చున్నవాళ్లకు ఇది ఎలా కనిపించి ఉంటుందో పెద్దగా ఊహించక్కర్లేదు.

12న ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకున్నారు. 13న చనిపోయారు. 14న సీపీఐ మద్దతు వెనక్కి తీసుకుంది. సమ్మె మొదలై అప్పటికి తొమ్మిది రోజులు. ప్రభుత్వ వైఖరి చూశాక నిర్ణయం మార్చుకున్నామని పార్టీ చెప్పింది. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ వైఖరి ఐదో తారీఖు సాయంత్రమే తెలిసిపోయింది.

17న హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి సభ వానకు రద్దయింది. 19న రాష్ట్ర బంద్. 24న ఫలితం వచ్చింది, టీఆర్ఎస్ అభ్యర్థి 43 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. అదే రోజు ప్రెస్‌మీట్‌లో కేసీఆర్ ఆర్టీసీ పని అయిపోయినట్టే మాట్లాడారు, తప్పంతా యూనియన్లదే అన్నారు. నా దృష్టిలో అసలు మలుపు ఆ రోజే. సమ్మె మధ్యలో, ఒకప్పటి ఎర్ర కోటలో అంత మెజారిటీ వచ్చాక ఇక సంఘాలకు భయపడాల్సిన పని ప్రభుత్వానికి లేకపోయింది.

తర్వాతది వేగంగా జరిగింది. సంఘం పనికోసం నాయకులకున్న డ్యూటీ మినహాయింపులు (రిలీఫ్‌లు) ఎత్తేశారు. 52 రోజుల సమ్మెను నవంబరు 25న జేఏసీయే విరమించింది, అయినా 29 దాకా డ్యూటీలోకి రానివ్వలేదు. డిసెంబరు 1న కార్మికుల్ని ప్రగతి భవన్‌కు పిలిచి భోజనం పెట్టారు. రిటైర్మెంట్ వయసు 60కి పెంచారు. ఇక నుంచి అందరినీ ఉద్యోగులనే పిలవాలన్నారు. సంఘాల బదులు సంక్షేమ మండళ్లు వచ్చాయి. యాజమాన్యం వాదన ఒక్కటే: నష్టాల్లో ఉన్న సంస్థ రాజకీయాలు మొయ్యలేదు, నాయకులు డ్యూటీ చెయ్యకుండా పెత్తనం చేశారు. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కానీ సంక్షేమ మండలి సభ్యుడు డ్యూటీ చార్ట్ గురించి డిపో మేనేజర్‌తో గట్టిగా మాట్లాడితే రేపు అతని వెనక నిలబడేదెవరు? ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు.

సంఘాలు మూలనపడి ఉండగానే 2022 మునుగోడు ఉపఎన్నిక వచ్చింది. బీజేపీని ఆపాలంటూ సీపీఐ, సీపీఎం రెండూ టీఆర్ఎస్‌కే మద్దతిచ్చాయి. 10 వేల పైచిలుకు మెజారిటీలో ఎర్రజెండా ఓట్ల పాత్ర ఉందని అందరూ ఒప్పుకున్నారు. దానికి బదులుగా డిపోల్లో సంఘం ఆఫీసు తలుపు తెరవమని ఆ పార్టీలు గట్టిగా అడగలేదు. 2023 ఆగస్టులో కేసీఆర్ తన అభ్యర్థుల జాబితా ప్రకటించినప్పుడు వామపక్షాలకు ఒక్క సీటూ వదల్లేదు. సీపీఐ కాంగ్రెస్ వైపు వెళ్లింది, కొత్తగూడెం గెలిచింది. 2025 మార్చిలో మునుగోడు ప్రాంత నాయకుడు నెల్లికంటి సత్యం కాంగ్రెస్ మద్దతుతో ఎమ్మెల్సీ అయ్యారు.

ఇప్పటి ఇబ్బంది ఇక్కడే ఉంది. 2023 ఆగస్టులో అసెంబ్లీ ఆమోదించిన విలీనం బిల్లు ఇంకా అమలుకు రాలేదు. మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక బస్సులు నిండిపోతున్నాయి, కండక్టర్ మీద ఒత్తిడి పెరిగింది. 2025 మే 7 నుంచి సమ్మె అని జేఏసీ నోటీసిచ్చింది. యూనియన్ల పునరుద్ధరణ, ఎన్నికలు డిమాండ్లలో ఉన్నాయి. మంత్రితో చర్చల తర్వాత వాయిదా వేశారు, ముగ్గురు ఐఏఎస్ అధికారులతో కమిటీ వేశారు. ప్రభుత్వానికి మిత్రపక్షం సీపీఐ, ప్రభుత్వాన్ని ప్రశ్నించాల్సింది ఏఐటీయూసీ. 2019లాగే.

దీనికి తోడు 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లనూ అమల్లోకి తెచ్చింది. 14 రోజుల సమ్మె నోటీసు ఆర్టీసీకి కొత్తేమీ కాదు, ప్రజా వినియోగ సేవ కాబట్టి పాత చట్టంలోనూ ఉంది. కొత్తగా వచ్చింది మద్దతు లెక్క. 51 శాతం మంది మద్దతున్న సంఘమే ఏకైక చర్చల సంఘం అవుతుంది. ఏ సంఘానికీ అంత లేకపోతే, కనీసం 20 శాతం ఉన్న సంఘాలకే చర్చల మండలిలో కుర్చీ దొరుకుతుంది. ఎర్రజెండా సంఘాల టెన్షన్ ఇప్పుడు ఆ 20 గురించే. చార్జిషీటుకు జవాబు రాయించుకున్న కండక్టర్ చందా రసీదు కూడా రాయించుకుంటేనే ఆ అంకె అందుతుంది.