ఐర్లండ్ పాత మఠాల శిథిలాలు: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

"ఇంత దూరం వచ్చింది ఈ రాళ్ల కోసమా తల్లీ?" అని గుంటూరు నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన గ్లెండలాక్‌లో నన్ను అడిగారు. ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. నేను డబ్లిన్‌లో ఉంటూ ఈ పాత మఠాల దగ్గర గైడుగా పని చేస్తాను. ఈ మధ్య మన తెలుగువాళ్లు చాలామంది వస్తున్నారు, ముఖ్యంగా ఇక్కడ ఉద్యోగాలు చేసే పిల్లలు సెలవులకి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని. వస్తూ వస్తూ ఎక్కడో విన్నవీ, వీడియోల్లో చూసినవీ కొన్ని బుర్రలో పెట్టుకుని వస్తారు. వాటివల్ల కళ్ల ముందున్నది కనిపించకుండా పోతుంది, నా బాధంతా అదే. అందుకే ఎక్కువగా వినేవి ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు చాలావరకు నేను ఎక్కువగా తిరిగే రెండు చోట్లవే: విక్లో కొండల్లో రెండు సరస్సుల లోయలో ఉన్న గ్లెండలాక్, షానన్ నది ఒడ్డున అథ్లోన్‌కి దక్షిణంగా ఉన్న క్లాన్‌మెక్‌నాయిస్.

అపోహ: ఈ రాతి కట్టడాలన్నీ మఠం స్థాపించిన సెయింట్ కట్టించినవే.

కాదు. గ్లెండలాక్ మఠాన్ని సెయింట్ కెవిన్ 6వ శతాబ్దంలో మొదలుపెట్టాడు, ఇప్పుడు మనం చూసే గోడలు చాలావరకు 10 నుంచి 12వ శతాబ్దాల మధ్యవి. కెవిన్ కాలంలో చర్చి అయినా, ఉండే గది అయినా కర్ర, తడిక, మట్టి. అవి ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి.

క్లాన్‌మెక్‌నాయిస్‌లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఆ మఠాన్ని 544 ప్రాంతంలో సెయింట్ కీరాన్ మొదలుపెట్టాడు, ఏడాది తిరక్కుండానే ప్లేగుతో చనిపోయాడు, అప్పటికి ముప్ఫై మూడేళ్లంటారు. అక్కడి పెద్ద రాతి చర్చిని ఫ్లాన్ రాజు, కోల్మాన్ అనే మఠాధిపతి కలిసి 909లో కట్టించారు. అంటే మధ్యలో మూడున్నర శతాబ్దాలకు పైగా గడిచాయి. అదే ఇద్దరి కోసం ప్రార్థించమని అడిగే అక్షరాలు దాని ఎదురుగా ఉండే శిలువ మీద కూడా ఉన్నాయి. సుమారు 4 మీటర్ల ఎత్తున్న ఇసుకరాయి శిలువ అది, దాన్ని లేఖనాల శిలువ అంటారు. దాని తూర్పు వైపు కింది భాగంలో ఒక చిన్న బొమ్మ ఉంది, ఎంత తొందరలో ఉన్నా అక్కడ మాత్రం నేను అందరినీ ఆపుతాను. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి మధ్యలో ఒక గుంజ పట్టుకుని ఉంటారు. కీరాన్, డియర్మిడ్ రాజు కలిసి మొదటి చర్చికి గుంజ పాతుతున్న దృశ్యం అదని ఎక్కువమంది చెబుతారు. మన ఇళ్లలో పెళ్లికి పందిరిరాట వేసేటప్పుడు పెద్దవాళ్లు తలో చెయ్యి వేస్తారు చూడండి, అచ్చం అలాగే ఉంటుంది. రాతి చర్చి ముందు, రాతి శిలువ మీద, ఒక కర్ర గుంజ జ్ఞాపకం.

అపోహ: ఓడల మీద వచ్చి దోచుకునే ఉత్తరాది వైకింగుల నుంచి దాక్కోవడానికే, మఠాల్లో కనిపించే ఈ ఎత్తైన గుండ్రటి రాతి గోపురాలు, అంటే రౌండ్ టవర్లు కట్టారు. తలుపు అంత ఎత్తున పెట్టింది నిచ్చెన పైకి లాగేసుకోవడానికి.

అందరికీ బాగా నచ్చే కథ ఇదే, బడిలో ఇలాగే నేర్చుకున్నామని ఇక్కడి ఐరిష్‌వాళ్లు కూడా చాలామంది చెబుతారు. గ్లెండలాక్ టవర్ సుమారు 30 మీటర్లు, తలుపు నేలకి మూడున్నర మీటర్ల పైన ఉంటుంది, కాబట్టి చూడగానే నిజమే అనిపిస్తుంది. కానీ ఐరిష్ భాషలో ఈ టవర్ పేరే గంటల ఇల్లు అని. ప్రార్థన వేళలకి పైనుంచి గంట మోగించేవాళ్లు, మఠం పుస్తకాలూ విలువైన వస్తువులూ లోపల పెట్టేవాళ్లు, కొండలు దాటి వచ్చే యాత్రికులకు దూరం నుంచే దారి గుర్తు కూడా అదే. తలుపు మామూలుగా పెద్ద చర్చి గుమ్మం వైపు తిరిగి ఉంటుంది, అంటే దాని సంబంధమంతా చర్చితోనే.

మరి అంత ఎత్తున ఎందుకు? పునాది లోతు తక్కువ, చాలా టవర్లకి మీటరు కూడా ఉండదు. అలాంటి సన్నటి గుండ్రటి గోడకి అడుగునే పెద్ద కంత పెడితే బలం పోతుంది. అందుకే కింది భాగం గట్టిగా ఉంచి తలుపు పైకి జరిపారు. ఇక దాక్కోవడం సంగతి. లోపల అంతస్తులు చెక్కవి, నిచ్చెనలు చెక్కవి, నిప్పు పెడితే టవర్ మొత్తం పొగగొట్టమే. అలా జరిగింది కూడా. 950లో డబ్లిన్ వైకింగులు స్లేన్‌లో గంటల టవర్‌ని తగలబెట్టినప్పుడు లోపలున్న పండితుడు, ఆయనతో పాటు చాలామంది, మఠానికి ఎంతో గొప్పదైన గంట, అన్నీ కాలిపోయాయని ఐరిష్ వార్షిక చరిత్రల్లో రాసి ఉంది. రౌండ్ టవర్ గురించి మనకు దొరికే మొట్టమొదటి ప్రస్తావన అదే. 1097లో మొనాస్టర్‌బాయిస్ టవర్ పుస్తకాలతో సహా కాలిపోయింది. ప్రాణభయంతో ఎక్కినవాళ్లు ఉన్నారు, నిజమే. దానికోసమే కట్టారనడం మాత్రం సరికాదు.

మనవాళ్లకి ఆసక్తిగా ఉండే విషయం ఇంకొకటి. 1830లలో హెన్రీ ఓబ్రయన్ అనే ఆయన ఈ టవర్లు బౌద్ధులు కట్టినవని గట్టిగా వాదించాడు. ఇప్పటికీ ఆ మాట అక్కడక్కడా తిరుగుతూ నా దగ్గరికి వస్తుంది, "మన దేశం వాళ్లే కట్టారట కదా" అని. కాదండీ. జార్జ్ పెట్రీ అనే పరిశోధకుడు ఇవి క్రైస్తవ మఠాలకు చెందినవేనని పాత రాతలూ కట్టడాలూ చూపించి తేల్చాడు, 1845లో అది అచ్చయింది కూడా. మన అమరావతికీ తొట్లకొండకీ ఉన్న గొప్ప వాటికి ఉంది, లేని చుట్టరికం కలపక్కర్లేదు.

అపోహ: గ్లెండలాక్‌లో పొగగొట్టం ఉన్న చిన్న ఇల్లు సెయింట్ కెవిన్ వంటిల్లు.

పేరు అలా పడిపోయింది, అంతే. అది చర్చి. పొగగొట్టంలా కనిపించేది చిన్న గంటగోపురం. కప్పు కూడా రాతిదే, ఒక్కసారి తలెత్తి చూడండి.

అపోహ: వీటన్నిటినీ నాశనం చేసింది వైకింగులే.

ఇది మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. వైకింగులు దోచారు, తగలబెట్టారు, మనుషుల్ని బానిసలుగా పట్టుకుపోయారు, అందులో సందేహం లేదు. కానీ ఐర్లండ్ మీద వైకింగుల దాడి మొదటిసారి జరిగింది 795లో. అంతకు ముప్ఫై ఏళ్ల ముందే, 764లో, క్లాన్‌మెక్‌నాయిస్ మఠం వాళ్లూ డరో మఠం వాళ్లూ ఒకరితో ఒకరు యుద్ధం చేసుకున్నారు, డరో వైపు 200 మంది చనిపోయారని వార్షిక చరిత్రల్లో ఉంది. మఠం మీద మఠం యుద్ధానికి వెళ్లడమేంటని అందరూ నోరెళ్లబెడతారు. భూములూ, పశువులూ, రాజుల అండా ఉన్న పెద్ద సంస్థలు అవి, వాటి మధ్య తగాదాలు కూడా అంతే పెద్దవి. 833లో మన్‌స్టర్ రాజు ఫెలిమిద్ క్లాన్‌మెక్‌నాయిస్ మీద పడి సన్యాసుల్ని చంపి, చర్చి గుమ్మం దాకా అంతా తగలబెట్టాడు. ఆ రాజు కూడా మతపెద్దల్లో ఒకడే. మొత్తం మీద లెక్క చూస్తే ఈ మఠాన్ని వైకింగుల కంటే ఐరిష్ రాజులే ఎక్కువసార్లు దోచారు.

ప్రతిసారీ మళ్లీ కట్టుకున్నారు. అదే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం. 1179లో మంటలంటుకుని 105 ఇళ్లు కాలిపోయాయని రాశారు, అంటే వైకింగుల కాలం పోయాక కూడా అక్కడ అంత పెద్ద ఊరు ఉందన్నమాట. మరి చివరికి ఎలా పోయింది? 12వ శతాబ్దంలో చర్చి వ్యవస్థే మారిపోయింది, అధికారం బిషప్పుల చేతికి వెళ్లింది, 1142లో మెలిఫాంట్ మఠంతో మొదలుపెట్టి సిస్టర్షియన్లు అనే యూరప్ సన్యాసుల సంఘం వాళ్లు కొత్త పద్ధతి మఠాలు కట్టారు, దాతలు అటు తిరిగారు. తర్వాత ఇంగ్లండ్ వైపు నుంచి నార్మన్లు దండెత్తి వచ్చారు. గ్లెండలాక్‌ని 13వ శతాబ్దం మొదట్లో డబ్లిన్ ఆర్చిబిషప్ పరిధిలో కలిపేశారు, 1398లో ఇంగ్లిష్ సైన్యం దాడి చేసింది. 1552లో అథ్లోన్‌లోని ఇంగ్లిష్ సైనికులు క్లాన్‌మెక్‌నాయిస్‌ని ఊడ్చేశారు. చిన్నదో పెద్దదో ఒక్క గంట మిగల్లేదు, ఒక్క పుస్తకం, ఒక్క విగ్రహం, ఆఖరికి కిటికీలో గాజు కూడా మిగల్లేదని ఆ రోజు గురించి రాసి పెట్టారు. కిటికీ గాజు అన్నదగ్గర ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది.

అపోహ: సన్యాసులు మౌనంగా, ఒంటరిగా బతికిన చోటు ఇది.

కెవిన్ ఏకాంతం కోరుకున్న మాట నిజం. పై సరస్సు పక్కన కొండరాతిలో ఆయన పడక అని చెప్పే చిన్న గుహ ఉంది. చాచిన అరచేతిలో నల్లపిట్ట గూడు కట్టి గుడ్లు పెడితే, పిల్లలు అయ్యేదాకా చెయ్యి కదపకుండా ఉన్నాడనే కథ 12వ శతాబ్దం నుంచే రాతలో ఉంది. కానీ కింద లోయలో తర్వాత పెరిగింది ఒక పట్నం. భార్యాబిడ్డలతో కాపురముంటూ మఠం భూములు దున్నేవాళ్లు, కంసాలులు, కమ్మరులు, శిల్పులు, చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, శరణు కోరి వచ్చినవాళ్లు, అందరూ ఉండేవాళ్లు. గ్లెండలాక్ ద్వారం దాటగానే లోపలి గోడలో శిలువ చెక్కిన రాయి ఒకటి ఉంటుంది, ఇక్కడి నుంచి శరణు దొరికే నేల అని దాని అర్థం. క్లాన్‌మెక్‌నాయిస్ అయితే షానన్ నదీ, దేశాన్ని అడ్డంగా దాటే పెద్ద రహదారీ కలిసే చోట ఉంది. 804 ప్రాంతంలో అక్కడ నది మీద చెక్క వంతెన కట్టారు, నీళ్లలో దొరికిన దుంగల వయసును బట్టి అది తేలింది. ఒంటరితనం కోసం అయితే ఎవరూ కూడలిలో ఇల్లు కట్టుకోరు కదా.

అందుకే నడిచేటప్పుడు గోడల మధ్య ఉన్న పచ్చికను కూడా చూడమంటాను. పశువులు, పొగ, సుత్తి దెబ్బలు, పిల్లల గోల ఉన్నది అక్కడే. గుంటూరు పెద్దాయనకి కూడా ఇదే చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "అయితే ఊరు పోయి గుళ్లు మిగిలాయన్నమాట" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

అపోహ: క్లాన్‌మెక్‌నాయిస్‌లో బయట ఉన్న శిలువలు నకిలీవి, చూడటం దండగ.

బయట ఉన్నవి నమూనాలే. అసలువి వానకీ గాలికీ అరిగిపోతుంటే లోపలికి, సందర్శకుల కేంద్రంలోకి మార్చారు. రెండూ చూడండి. చెక్కడం లోపల దగ్గరగా చూడొచ్చు, అది ఏ దిక్కుకి తిరిగి నిలబడిందో, చర్చి గుమ్మానికి ఎంత దూరమో బయటే తెలుస్తుంది. పక్కనే పాత సమాధి పలకలు ఉంటాయి, ఆ ఒక్క చోటే 700కు పైగా దొరికాయి. చాలావాటి మీద ఒకే వరస: "ఓర్ దో" అని రెండు ముక్కలు, తర్వాత ఒక పేరు. ఫలానావారి కోసం ఒక ప్రార్థన అని. రాజో కూలివాడో పలక చెప్పదు. అక్షరాలు మసకగా ఉంటే వేలితో రుద్దకండి, దయచేసి. సాయంత్రం ఎండ వాలుగా పడేటప్పుడు పక్కనుంచి చూస్తే గీతలు వాటంతట అవే లేచి కనిపిస్తాయి.

అపోహ: పాడుబడ్డ చోటే కదా, ఎలా తిరిగినా ఫర్వాలేదు.

ఇవి ఇప్పటికీ శ్మశానాలు. గ్లెండలాక్‌లో 20వ శతాబ్దపు సమాధులు కూడా ఉన్నాయి, వాళ్ల మనుషులు వచ్చి పూలు పెడతారు. ఫొటో కోసం సమాధిరాయి మీద కూర్చోవడం, గోడలెక్కడం చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది, రాయి కోసం, ఎక్కినవాళ్ల కాళ్ల కోసం కూడా. రాతి పగుళ్లలో నాణేలు దోపకండి, తడికి లోహం తుప్పు పట్టి రాతిని పాడు చేస్తుంది. మెటల్ డిటెక్టర్ తెస్తామని ఒకసారి ఒక కుర్రాడు అడిగాడు. 1980లో టిప్పరరీలోని డెరినఫ్లాన్ అనే పాత మఠం దగ్గర తండ్రీకొడుకులకు డిటెక్టర్‌తో వెండి పాత్రలు దొరికాయి, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1987 చట్టంతో అనుమతి లేని వెతుకులాటని నేరం చేశారు. కాబట్టి వద్దు.

మట్టి తీసుకెళ్లే అలవాటు మాత్రం ఇక్కడివాళ్లకే ఉండేది. క్లాన్‌మెక్‌నాయిస్‌లో అన్నిటికన్నా చిన్న గుడి కీరాన్‌ది, ఆయన్ని అక్కడే పాతిపెట్టారని నమ్మకం. పంటకీ పశువులకీ మంచిదని రైతులు తరతరాలుగా దాని నేలలోంచి పిడికెడు పిడికెడు మట్టి పట్టుకెళ్లారు, దాంతో లోపలి నేల బయటకన్నా కిందికి దిగిపోయింది. ఈ సంగతి చెబితే మన పెద్దవాళ్లకి ఇక వివరించక్కర్లేదు.

అపోహ: అరగంటలో అయిపోతుంది.

గ్లెండలాక్‌కి కనీసం మూడు గంటలు పెట్టుకోండి, పై సరస్సు దాకా నడవాలి. వేసవిలోనైనా వాన కోటు, తడిసినా జారని బూట్లు తప్పనిసరి. సముద్రంలో రాతి దీవి మీదున్న పాత మఠం స్కెలిగ్ మైకేల్ వేరే సంగతి, పడవలు మే మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకానే దించుతాయి, అదీ అలలు ఒప్పుకుంటేనే, పైకి 600కు పైగా మెట్లు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని అక్కడికి తీసుకెళ్లకండి.

వాళ్లని క్లాన్‌మెక్‌నాయిస్ తీసుకెళ్లండి. పెద్ద చర్చి ఉత్తరం గుమ్మానికి 15వ శతాబ్దపు చెక్కడం ఉంది, తలుపు చుట్టూ లోతుగా గాడి తిరిగి ఉంటుంది. ఒకరు ఇటు, ఒకరు అటు గోడవైపు తిరిగి నిలబడి, గాడి దగ్గర నోరు పెట్టి గుసగుసగా మాట్లాడితే, అవతలివాళ్లకి చెవిలో చెప్పినట్టే వినిపిస్తుంది. కుష్ఠు రోగులు ఇలాగే దూరంగా నిలబడి తమ పాపాలు చెప్పుకునేవాళ్లని అక్కడ చెప్పే కథ. తర్వాత అక్కడికి వచ్చినప్పుడు గుంటూరు పెద్దాయన ఆ చివర నిలబడ్డారు, కూతురు ఈ చివర. ఏం చెప్పుకున్నారో నేను వినలేదు.