ఇటుక నుంచి కిటికీ దాకా: పెద్దల చదువు వెనక వందేళ్ల కథ

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు అపార్ట్‌మెంట్లు కడుతున్న చోటల్లా పక్కనే రేకుల షెడ్లుంటాయి. వాటిలో అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన తెలుగు కూలీలు చాలామందే ఉంటారు. అక్కడ రాత్రి బడి పెడితే మొదటి వారం కూర్చోవడానికి చోటు చాలదు. నెల తిరిగేసరికి నలుగురైదుగురే మిగులుతారు. పొద్దంతా పనిచేసి అలిసిపోతారని, ఈ వయసులో చదువు బుర్రకెక్కదని అంటారు. అలసట నిజమే. బుర్రకెక్కదన్న మాట మాత్రం తప్పని దాదాపు నూరేళ్ల కిందటే తేలింది.

1928లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పెద్దల నేర్చుకునే శక్తిని పరీక్షించి చూశాడు. నలభై అయిదేళ్ల దాకా అది తగ్గేది స్వల్పమేనని చెప్పాడు. అంతకు రెండేళ్ల ముందే అక్కడి వయోజన విద్యావేత్త ఎడ్వర్డ్ లిండెమన్ మరో మాట అన్నాడు: పెద్దల చదువు పాఠ్యప్రణాళికతో కాదు, వాళ్ల బతుకులో ఎదురయ్యే అవసరంతో మొదలవ్వాలి. 1970 ప్రాంతంలో మరో అమెరికా విద్యావేత్త మాల్కమ్ నోల్స్ దీన్ని ఒక పద్ధతిగా రూపొందించాడు. పెద్దవాళ్లు తమ నిర్ణయం తామే చేసుకుంటారు, అనుభవంతో వస్తారు, రేపటికి పనికొచ్చేదే ఇవాళ నేర్చుకుంటారు అన్నది దాని సారం.

పనివాళ్ల మధ్య ఇలాంటిదాన్ని అంతకు ముందే చేసి చూపించింది బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రేరే. 1963లో అంజికోస్ అనే ఊళ్లో ఆయన బృందం సుమారు 300 మందికి 40 గంటల పాఠాలు నడిపింది. వాళ్లు అక్షరమాలతో మొదలుపెట్టలేదు. జనం నోట్లో నలిగే మాటను తీసుకుని, దాని గురించి మాట్లాడించి, ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు అచ్చులు మార్చి చూపించేవాళ్లు. ఫ్రేరే పద్ధతిలో పేరుపడ్డ మాటల్లో ‘ఇటుక’ ఒకటి. అచ్చులు మార్చి చూపడమంటే మన గుణింతమే.

తెలుగులో ఇది ఇంకా బాగా కుదురుతుంది. ‘ఇటుక’లో ఇ, టు, క ఉన్నాయి. క, ట గుణింతాలు రెండే నేర్పితే కిటికీ, కోట, కాటా, కాకి, టోకు, కాటుక వచ్చేస్తాయి. మర్నాడు ‘ఇసుక’ చేరిస్తే సీటు, సాకు, కేసు వస్తాయి. ‘మేకు’తో మాట, మామ. తర్వాత ‘గోడ’, ‘తాపీ’. ఇలా అయిదు మాటలతో ఎనిమిది హల్లుల గుణింతాలు చేతికొస్తాయి. అదే ‘అ’ నుంచి ‘ఱ’ దాకా వరసగా వెళితే మొదటి నెలంతా ఌ, ఙ, ఞ లాంటి ఎక్కడా కనబడని అక్షరాలు దిద్దడంలోనే గడిచిపోతుంది. జనం మానేసేది సరిగ్గా అప్పుడే.

మన దేశంలో పెద్ద ప్రయత్నం 1978 అక్టోబర్ 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం. 15 నుంచి 35 ఏళ్ల వాళ్లలో పది కోట్ల మందికి అయిదేళ్లలో చదువు చెప్పాలన్నది లక్ష్యం. కేంద్రాలు పుట్టుకొచ్చాయి గానీ లక్ష్యం దరిదాపుల్లోకి కూడా వెళ్లలేకపోయారు. 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్ వచ్చింది. మూడు వాచకాలు, దాదాపు 200 గంటల పాఠం, వలంటీర్లు అన్నది కొత్త నమూనా. అది ఎంత బలంగా తాకగలదో నెల్లూరు జిల్లాలో చూశాం. రాత్రి బడుల్లో సారా గురించిన పాఠం చదివి, చర్చించుకున్న ఆడవాళ్లు దూబగుంటలో దుకాణం మూయించారు. 1992లో అది ఉద్యమమై, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. పాఠంలో ఉన్నది తమ ఇంటి గొడవే కాబట్టి ఆ బడులకు జనం వచ్చారు.

ఆ మిషన్ ప్రమాణాల్లో ఒక లోపం మాత్రం ఇప్పటికీ బాధిస్తూనే ఉంది. నిమిషానికి 30 మాటలు బయటికి చదివితే, 7 మాటలు చూసి రాస్తే అక్షరాస్యులే అన్నారు. ఆ వేగంతో పది మాటల వాక్యానికి 20 సెకన్లు పడుతుంది. చదివింది మనసులో నిలిచేది కొన్ని సెకన్లే కాబట్టి, చివరి మాటకు వచ్చేసరికి మొదటిది జారిపోతుంది. తెలుగులో ‘చెల్లించవలసివుంటుంది’ కూడా ఒకే మాట, కష్టం ఇంకా ఎక్కువ. అర్థం కానిదాన్ని ఎవరూ రెండోసారి తెరవరు, ఏడాదిలో అక్షరాలు మరిచిపోతారు. వాచకం పూర్తయ్యాక వేగం రెట్టింపయ్యే దాకా సాధన చేయించాలి: నాలుగైదు వాక్యాల ముక్కను వరసగా మూడుసార్లు చదివించి, ఫోన్‌లో టైం చూసి చెప్పాలి. ఈ దశ లేని కార్యక్రమం సగంలో ఆపేసినట్టే.

ప్రస్తుతం 2022 నుంచి 2027 వరకు నడిచే కేంద్ర ప్రభుత్వ ఉల్లాస్ పథకం 15 ఏళ్లు, ఆపైన వయసున్న చదువురాని అందరికీ వర్తిస్తుంది. బోధన వలంటీర్లదే. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కుల పరీక్ష ఉంటుంది.

షెడ్డులో బడి పెట్టేవాళ్లు ముందు చూడాల్సింది కళ్లు. నలభై దాటితే చత్వారం వస్తుంది. పుస్తకాన్ని చెయ్యి చాచి పట్టుకునే మనిషి అక్షరం రాక కాదు, కనబడక ఆగుతాడు. పరీక్ష చేయించి దగ్గరచూపు అద్దాలిప్పించాలి, తెల్లటి లైటు పెట్టాలి. వంట అయ్యాక 45 నిమిషాలు చాలు, పది మందికి మించొద్దు. శనివారం బటవాడా రోజు, ఆ రాత్రి పాఠం పెట్టొద్దు. ఇవాళ నేర్పింది రేపు, మూడో రోజు, వారానికి మళ్లీ అడగాలి. అందరిముందు ఒక్కరినే లేపి చదివించకూడదు. మేస్త్రీ ఎదుట తడబడ్డ మనిషి మర్నాడు రాడు.

లెక్కలు వాళ్లకు వచ్చు. ఒకటికి ఆరు పాళ్ల మాలు కలిపే మనిషికి కూడిక మొదట్నుంచి చెప్పడం అవమానమే. నోటి లెక్కను కాగితం మీద ఎలా పెట్టాలో నేర్పాలి: వారం హాజరు, కూలి, తీసుకున్న అడ్వాన్సు, మిగిలింది. ఆ పైన లేబర్ కార్డు ఫారం. కర్ణాటక భవన, ఇతర నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదుకు 18 నుంచి 60 ఏళ్ల వయసు, ఏడాదిలో 90 రోజుల పని చూపించాలి. ఆ ఫారం చదవాలన్న పట్టుదల వాచకం మొత్తాన్నీ లాక్కుపోతుంది. సైటు అయిపోతే మనుషులు చెదిరిపోతారు కాబట్టి ఎంతవరకు వచ్చారో వాళ్ల నోటుబుక్కు మొదటి పేజీలోనే రాసి పంపాలి.

ఏ లిపి ముందన్న ప్రశ్న బెంగళూరులో తప్పదు. మాతృభాషలోనే మొదలుపెట్టాలని 1953లోనే యునెస్కో నివేదిక సూచించింది. ఇక్కడ దానికి మరో లాభముంది: తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలంనుంచి వచ్చాయి. గ, ద, బ, ల చూడగానే పోల్చుకుంటారు. క, త, శ, హ విడిగా నేర్పాలి. కన్నడ తలకట్టు మన టిక్కులా కాక అడ్డంగా సాగుతుంది. కీ, కే, కోల దీర్ఘం తెలుగులో పైనుంటే కన్నడలో పక్కన వేరే గుర్తుగా వస్తుంది. ఎక్కువగా తడబడేది అర్కావొత్తు దగ్గర. పాత తెలుగు పుస్తకాల్లోని వలపలగిలకలా, ముందు పలికే రకారాన్ని కన్నడలో తర్వాతి అక్షరం పక్కన రాస్తారు. ‘కర్ణాటక’ అన్న మాటలోనే అది ఉంది, బస్సుల మీదా ఆఫీసు బోర్డుల మీదా రోజూ కనబడుతుంది. కన్నడ పాఠం దానితోనే మొదలుపెట్టొచ్చు.