చేంతాడు, సాలెపోగు, గ్వెన్ స్టేసీ మెడ

ఇంటర్మీడియట్ చదువుతున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చి, నా కామిక్స్ పెట్టెలో నుండి ఒక సంచిక తీసి చదివి, "మావయ్యా, పట్టుకున్నాడు కదా, మరి ఎందుకు చనిపోయింది?" అని అడిగాడు. అది 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 121వ సంచిక. 1973 జూన్ నెల పేరుతో వెలువడింది. రచన జెరీ కాన్వే, బొమ్మలు గిల్ కేన్. గ్రీన్ గాబ్లిన్ అనే దుర్మార్గుడు, స్పైడర్‌మ్యాన్ వేషం వేసే కుర్రవాడు పీటర్ పార్కర్ ప్రేయసి గ్వెన్ స్టేసీని వంతెన స్తంభం మీది నుండి కిందికి తోసివేస్తాడు. స్పైడర్‌మ్యాన్ విసిరిన పోగు ఆమె కాళ్ళకు చుట్టుకుంటుంది. ఆమె ఆగుతుంది. సంబరంగా పైకి లాక్కుని చూస్తే ప్రాణం లేదు. పోగు అందిన ఆ బొమ్మలోనే, మెడ పక్కన, చూపు దాటిపోయేంత చిన్న అక్షరాలతో 'స్నాప్' అన్న చప్పుడు రాసి ఉంటుంది. ఇన్నేళ్ళుగా నేను ఆ సంచిక తెరిచిన ప్రతిసారీ ముందుగా చూసేది ఆ నాలుగక్షరాలనే.

లెక్కకు ముందు ఒక చిక్కు విప్పాలి. కథలోని మాటలు అది జార్జ్ వాషింగ్టన్ వంతెన అంటాయి. బొమ్మలో మాత్రం రాతి స్తంభాలు, కోసుగా లేచిన కమానులు కనబడతాయి, అంటే అది బ్రూక్లిన్ వంతెన. మొదటిదాని స్తంభం 184 మీటర్లు, రెండవదానిది నీటి మీద 84 మీటర్లు. నేను బొమ్మనే నమ్ముతాను. ఆమె 80 మీటర్లు పడిందనుకుందాం. గాలి నిరోధాన్ని పక్కన పెడితే అందుకు 4 సెకన్లు పడుతుంది, అప్పటికి వేగం గంటకు సుమారు 143 కిలోమీటర్లు.

అంత ఎత్తు నుండి పడితే నేలను తాకకముందే ఎవరైనా చనిపోతారని గాబ్లిన్ ఎగతాళి చేస్తాడు. ఈ నమ్మకం మన ఊళ్ళలోనూ ఉంది. పడుతుండగానే గుండె ఆగుతుందని పెద్దలు ఊరడింపుగా చెబుతుంటారు. ఊరడింపుగా మంచిదే కాని నిజం కాదు. 1960 ఆగస్టులో అమెరికా వైమానిక దళ అధికారి జో కిటింగర్ బెలూన్ మీది నుండి, 31 కిలోమీటర్ల ఎత్తున, పారాచూట్‌తో దూకి, నాలుగున్నర నిమిషాలకు పైగా పడుతూనే ఉండి, క్షేమంగా దిగాడు. అసలు కారణాన్ని 125వ సంచిక ఉత్తరాల పేజీలో సంపాదకుడు రాయ్ థామస్ ఒప్పుకున్నాడు: పోగు ఆమెను హఠాత్తుగా ఆపినప్పుడు మెడకు తగిలిన కుదుపే ప్రాణం తీసింది.

ఈ కుదుపు సంగతి నూతిలో నీళ్ళు తోడినవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. నిండిన చేద పైకి వస్తుండగా చేంతాడు చేయి జారిందనుకోండి. గిలక గిర్రున తిరుగుతుంది, చేద జారిపోతుంది. రెండు మీటర్లు జారాక తాడును గట్టిగా బిగించి పట్టుకుంటే భుజం ఊడినంత పని అవుతుంది, లేదా చేద చెవి తెగుతుంది. అనుభవం ఉన్న ఇల్లాలు అలా పట్టుకోదు. అరచేతుల మధ్య తాడును కొంత జారనిస్తూ, మెల్లగా బిగిస్తుంది. ఇందులోని సూత్రం ఒక్క ముక్కలో చెప్పవచ్చు: పడిన దూరాన్ని ఆగడానికి పట్టిన దూరంతో భాగించి ఒకటి కలిపితే, తాడు మీది బలం బరువుకు ఎన్ని రెట్లో వస్తుంది. పది కిలోల చేద రెండు మీటర్లు పడి 5 సెంటీమీటర్లలో ఆగితే 41 రెట్లు, అంటే 410 కిలోల లాగుడు. అరమీటరు జారనిస్తే 5 రెట్లు, 50 కిలోలు. మన పాఠ్యపుస్తకాలు దీనిని ప్రచోదనం అనే పేరు కింద బలమూ కాలమూ గుణించే సూత్రంగా బట్టీ పట్టిస్తాయి. నుయ్యి మాట ఒక్కచోటా రాదు. జారనిచ్చినందుకు అరచేతులు మండుతాయి. ఆ మంటను గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాము.

ఇప్పుడు గ్వెన్. ఆమె 80 మీటర్లు పడి, పోగు సాగి 10 మీటర్లలో ఆగిందనుకుంటే, అంటే దాదాపు అరసెకనులో ఆగిందనుకుంటే, 9 రెట్లు. తలకిందులుగా వేలాడే మనిషి మెడ మోయవలసింది తల బరువును మాత్రమే. నాలుగున్నర కిలోల తల 9 రెట్లయితే 40 కిలోలు. బాధాకరమే కాని దానితో మెడ విరగదు. అమెరికా కారు ప్రమాద పరీక్షలలో చిన్న దేహం గల స్త్రీ బొమ్మ మెడ మీద లాగుడుకు పెట్టిన హద్దు 2,620 న్యూటన్లు, అంటే సుమారు 267 కిలోల బరువు. తల బరువుకు అది 59 రెట్లు. సూత్రాన్ని తిరగేస్తే, కేవలం లాగుడు వల్ల ఆ హద్దు దాటాలంటే గ్వెన్ 1.4 మీటర్ల కన్నా తక్కువ దూరంలో ఆగి ఉండాలి.

లాగుడు ఒక్కటే లేదనుకోండి. కాళ్ళు ముందు ఆగాయి, ఒళ్ళు చర్నాకోలలా విసురుకుంది, కొరడా కొసన తల ఉంది. పరీక్షల ప్రమాణాలు కూడా మెడ లాగుడును, వంపును విడివిడిగా వదిలేయక, రెండింటి వాటాలను కలిపి తూస్తాయి. ఆ వంపును ధారాళంగా లెక్కలో వేసుకున్నా, పోగు మూడు నాలుగు మీటర్లకు మించి సాగి ఉండదని నా అంచనా. 80 మీటర్ల పోగులో అది 5 శాతం.

పీటర్ మీద నా ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. సాలీడు వేలాడే పోగు తెగేలోపు దాదాపు 30 శాతం సాగుతుంది. గూడులో పురుగును పట్టే జిగట పోగు రెండు రెట్లకు పైగా సాగుతుంది. గట్టి ఉక్కు తీగ ఒక శాతం కూడా సాగదు. ఇంకా ముఖ్యమైనది, సాలెపోగు రబ్బరులా తిరిగి విసరదు. విసిరితే ఈగ గూటికి తగిలి ఎగిరి బయటపడేది. పోగులోని ప్రొటీను గొలుసుల మధ్య బలహీనమైన హైడ్రోజన్ బంధాలు సాగేటప్పుడు తెగుతూ పోతాయి. చిన్న చిన్న స్ఫటికాలు గట్టిగా నిలిచి పోగును తెగనివ్వవు. మింగిన శక్తిలో సగానికి పైగా వేడిగా మారిపోతుంది. అరచేతిలో చేంతాడు మంట ఇదే. సాలీడు ఆ మంటను పోగులోనే పెట్టుకుంది. సాలీడు పేరు పెట్టుకున్న కుర్రవాడు మాత్రం తన ప్రయోగశాలలో ఉక్కు తీగకు తమ్ముడిని తయారు చేసుకున్నాడు. బ్రూక్లిన్ వంతెన 1883 నుండి ఉక్కు తీగల మీదే వేలాడుతోంది. పీటర్ పోగు దానికి పనికివచ్చేది.

మా వాడు ఇక్కడ ఆగలేదు. "మరి అసలు సాలెపోగు అయితే బతికేదా?" అన్నాడు. కాగితం తెచ్చి లెక్క వేశాము. పోగును స్తంభం మీది నుండే విసిరాడు కనుక, ఆమె ఎంత దూరం పడితే పోగు అంత పొడవు. అది 30 శాతం సాగితే, పడిన దూరాన్ని సాగిన దూరంతో భాగించగా ఎప్పుడూ మూడుంపావు చిల్లరే వస్తుంది. ఒకటి కలిపితే 4.3 రెట్లు. ఎత్తు లెక్కలో నుండి పూర్తిగా ఎగిరిపోయింది! పది మీటర్లు పడినా వంద మీటర్లు పడినా కుదుపు ఒకటే. ఇది సగటు, గరిష్ఠం దీనికి రెట్టింపున్నా మెడకు 40 కిలోలు దాటదు.

అయితే 80 మీటర్ల పోగు 24 మీటర్లు సాగాలి, కింద మిగిలినది 4 మీటర్లే. అలా అయితే ఆమె నదిలో మునుగుతుంది. నీటికి తగలకుండా ఆపాలంటే 64 మీటర్లు పడేలోపే పోగు అందాలి. మా వాడు వర్గమూలం తీసి, కాగితం కింద 3.6 సెకన్లని రాసి, గీత గీశాడు. తరువాత ఆ సంచికను మళ్ళీ తెరిచి, ఆమె పడుతున్న బొమ్మలో స్పైడర్‌మ్యాన్ ఎక్కడ నిలబడి ఉన్నాడో వెతకసాగాడు.