మొద్దు సూది చెప్పిన సంగతి

చైనా సూది వైద్యంలో గుణమిచ్చేది సూదా, మనసా అని ఒక పాఠకురాలు అడిగారు. ఈ సందేహం చైనా వైద్యులకు కొత్తది కాదు. సుమారు రెండు వేల ఏళ్ల నాటి చైనా వైద్య గ్రంథం 'హువాంగ్డి నైజింగ్'లోని లింగ్‌షు భాగం, సూది గుచ్చే పద్ధతి ఏదైనా ముందుగా 'షెన్' ఆధారంగానే సాగాలని చెబుతుంది. షెన్ అంటే హృదయంలో నివసించే చైతన్యమని వారి భావన. 'చి' అనే ప్రాణశక్తి ప్రవాహం, దాని మార్గాల సిద్ధాంతం జోలికి ఇక్కడ పోను. నన్ను ఏళ్ల తరబడి ఆకట్టుకుంటున్నది ఒక మొద్దు సూది.

1998లో జర్మనీకి చెందిన కోన్‌రాడ్ స్ట్రైట్‌బెర్గర్ బృందం పరిశోధనల్లో అసలు సూదితో పోల్చి చూసేందుకు ఈ నకిలీ సూదిని లోకానికి పరిచయం చేసింది. దాని మొన చర్మాన్ని నొక్కుతుందే తప్ప లోపలికి దిగదు. నొక్కినకొద్దీ కాడ పిడిలోకి జారిపోతుంది. నాటకాల్లో పొడిచినట్టు చూపే కత్తి కూడా ఇలాగే పిడిలోకి పోతుంది. అయితే నాటకం చూసేవారికి ఆ సంగతి తెలుసు, ఇక్కడ రోగికి తెలియదు. చురుక్కుమంటుంది, సూది పొట్టిదవుతూ కనిపిస్తుంది, గుచ్చారనే నమ్ముతాడు.

హార్వర్డ్‌లో టెడ్ కాప్చుక్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పేగుల అసౌకర్యంతో బాధపడే 262 మందిని మూడు వర్గాలు చేశారు. ఏ చికిత్సా లేకుండా వేచి ఉన్నవారిలో 28 శాతం మంది, చర్మంలోకి దిగని సూదులు మాత్రమే పెట్టించుకున్నవారిలో 44 శాతం మంది, ఆ సూదులతో పాటు ఆదరణగా మాట్లాడే వైద్యుడు దొరికినవారిలో 62 శాతం మంది మూడు వారాలకు తగినంత ఉపశమనం కలిగిందన్నారు. ఆ ఆదరణలో నాడి పట్టుకుని 20 సెకన్లపాటు ఆలోచనగా మౌనం వహించడం కూడా ఒక భాగం! మన ఇళ్లల్లో 'ఆయన హస్తవాసి మంచిది' అనే మాటకు ఇంత దగ్గరి కొలతను నేను మరెక్కడా చూడలేదు.

ఇదంతా భ్రమ అని కొట్టిపారేయడం తప్పు. జ్ఞానదంతం తీయించుకున్నవారిపై 1978లో జరిగిన ప్రయోగంలో, ఉత్తుత్తి మందుతో నొప్పి తగ్గినవారికి నాలాక్సోన్ ఇవ్వగానే నొప్పి మళ్లీ పెరిగింది. నాలాక్సోన్ మార్ఫిన్‌కు విరుగుడు. అంటే నమ్మకం వారి ఒంట్లోనే మార్ఫిన్ వంటి ఎండార్ఫిన్లను విడుదల చేసిందన్నమాట. మెదడు ముందుభాగంలో పుట్టిన ఎదురుచూపు మధ్యమెదడులో నొప్పిని అదుపుచేసే పెరియాక్విడక్టల్ గ్రే అనే భాగాన్ని మేల్కొలుపుతుంది. అక్కడి నుంచి దిగే సంకేతాలు ఒంటి నుంచి నొప్పి కబురు వచ్చి చేరే వెన్నుపాము వెనుక కొమ్ము దగ్గరే నొప్పి వార్తను అడ్డగిస్తాయి.

శ్వాసనాళాల కండరాల విషయంలో ఈ దారి అంతగా పనిచేయదు. 2011లో 39 మంది ఉబ్బస రోగులపై ప్రచురితమైన అధ్యయనంలో, అసలు ఇన్‌హేలర్‌తో మొదటి సెకనులో బయటికి ఊదే గాలి 20 శాతం పెరిగితే, నకిలీ సూదితోనూ ఏ చికిత్సా లేకపోయినా 7 శాతమే పెరిగింది. అయినా తమకు ఎంత మెరుగైందని అడిగితే, అసలు మందుకు 50 శాతమని, నకిలీ సూదికి 46 శాతమని సగటున చెప్పారు. చికిత్స లేనప్పుడు అది 21 శాతమే. మృగశిర కార్తె నాడు నాంపల్లిలో చేపమందు మింగి 'ఊపిరి తేలికైంది' అనేవారి మాటను అందుకే నేను అబద్ధమనను. ఇన్‌హేలర్ వాడకం మాత్రం మానవద్దని, వీలైతే అదే రోజు గాలి ఊదే వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటరులో ఊది చూసుకోమని వారిని వేడుకుంటాను.