చైనాలో కనిపెట్టిన మందు, కళ్యాణదుర్గం పిల్లోడి సూది

"మేడమ్, ఇంగ సూది ఏసే పన్లేదంట గదా. చైనాలో మందు కనిపెట్టినారంట. అందుకే రొండు దినాలు ఆపి చూసినాం."

పోయిన ఎండాకాలం ఒక రాత్రి కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి టైప్ 1 షుగర్‌కు ఇన్సులిన్ సూది వేసుకునే తొమ్మిదేళ్ల మనవణ్ని ఎత్తుకొచ్చిన జేజి చెప్పిన మాట ఇది. పిల్లోడు పిలిస్తే ఊ అంటున్నాడు గానీ కళ్లు తెరవడం లేదు. ఊపిరి లోతుగా, వేగంగా లాగుతున్నాడు. దగ్గరకు వంగితే నోట్లోంచి మాగిపోయిన పండు వాసన. షుగర్ 512. పొద్దున్నే వాంతులు, కడుపునొప్పి అంటే దగ్గర్లో ఎవరో గ్యాస్ అనుకుని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి పంపించారట. షుగర్ చూడనే లేదు.

ఆ పిల్లోడు బతికాడు. మూడు రోజులు ఐసీయూలో ఉన్నాడు. వాళ్లమ్మ ఆ మూడు రోజులూ గోడకు ఆనుకుని కూర్చుంది, ఎవరు పలకరించినా "నేనే సంపుకునేదాన్ని" అనే మాట తప్ప ఇంకో మాట లేదు. ఆ తల్లి మీద నాకు కోపం రాలేదు. రోజుకు నాలుగుసార్లు కన్నబిడ్డకు సూది గుచ్చే తల్లికి ఎవరైనా "ఇంక అక్కర్లేదు" అని చెబితే నమ్మాలనే అనిపిస్తుంది. చైనా మందు అంటూ వాళ్ల ఫోన్‌కు వచ్చిన వీడియో చేసినవాళ్ల మీద మాత్రం ఈరోజుకీ కోపం తగ్గలేదు.

అనంతపురంలో షుగర్ పేషెంట్లను చూడబట్టి పద్దెనిమిదేళ్లయింది. ఈ మధ్య నెలకు ఇద్దరు ముగ్గురైనా ఫోన్ ముందు పెట్టి "కొత్త పరిశోధన అంట, చూడండి మేడమ్" అంటున్నారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: టైప్ 1 షుగర్‌కు మందు కనిపెట్టేశారు, ఇన్సులిన్ మానేయొచ్చు.

వాస్తవం: ఆ వార్తలో పరిశోధన నిజమే. అబద్ధమల్లా "మానేయొచ్చు" అన్న ముక్క.

చైనాలో ఏం జరిగిందో పూర్తిగా చెబుతాను. తియాన్‌జిన్‌లో పాతికేళ్ల అమ్మాయి, టైప్ 1. ఆమె కొవ్వులోంచి తీసిన కణాలను రసాయనాలతో మూలకణాలుగా (ఏ రకం కణాలుగానైనా ఎదగగలిగేవి) మార్చి, వాటి నుంచి ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులు పెంచి, 2023 జూన్‌లో ఆమె పొట్ట కండరాల్లో పెట్టారు. 75 రోజులకు బయటి ఇన్సులిన్ అవసరం లేకుండా పోయింది. 2024 సెప్టెంబర్‌లో ఆ వివరాలు అచ్చయ్యాయి. గొప్ప విషయమే, కాదనను. అయితే వీడియోలో చెప్పని సంగతి ఒకటుంది. ఆ అమ్మాయికి అంతకుముందే కాలేయ మార్పిడి జరిగింది. దానికోసం రోగనిరోధక శక్తిని అణిచే మందులు అప్పటికే వాడుతోంది. టైప్ 1 అంటేనే మన ఒంటి రక్షణ దళం ఇన్సులిన్ తయారుచేసే మన బీటా కణాల మీదే పడి చంపేయడం. ఆ దళాన్ని మందులతో కట్టేసి ఉంచిన మనిషిలో కొత్త కణాలు నిలబడ్డాయి. అణిచే మందుల్లేని తొమ్మిదేళ్ల పిల్లోడిలో అవి ఎన్నాళ్లు నిలబడతాయో ఆ ఒక్క కేసును చూసి ఎవరూ చెప్పలేరు.

రెండోది అమెరికా కంపెనీ ఒకటి చేసిన జిమిస్లెసెల్ పరిశోధన, అంటే మూలకణాల నుంచి పెంచిన ఇన్సులిన్ కణాలతో చేసే చికిత్స. 2025 జూన్‌లో వచ్చింది. పూర్తి మోతాదు తీసుకున్నది 12 మంది. ఏడాది తర్వాత వాళ్లలో 10 మందికి ఇన్సులిన్ అక్కర్లేకపోయింది. ఇక్కడిదాకా ఫార్వర్డ్ అయింది. మిగతాది నేను చెబుతాను. వాళ్లంతా పెద్దవాళ్లు. షుగర్ ఉన్నట్టుండి పడిపోతున్నా తెలియని, ప్రాణం మీదికి వచ్చే స్థితిలో ఉన్నవాళ్లనే ఎంచుకున్నారు. అందరికీ రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇచ్చారు. మొత్తం 14 మందిలో ఇద్దరు చనిపోయారు. ఒకరికి అంతకుముందే ఉన్న మతిమరుపు జబ్బు ముదిరింది, ఇంకొకరికి మెదడు పొరలకు ఫంగస్ సోకింది. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల మీదే ఎక్కువగా పడే ఫంగస్ అది. ఇన్సులిన్ సూదితో, షుగర్ పరీక్షలతో నెట్టుకొచ్చే చిన్నపిల్లలకు ఆ మందులు మొదలుపెట్టమని తెలిసిన డాక్టరెవరూ చెప్పరు.

ఆ అణిచే మందులు లేకుండా ఎలా అన్నదాని మీదే ఇప్పుడు పని జరుగుతోంది. 2025లో అచ్చయిన ఒక పరిశోధనలో, స్వీడన్‌లో ఒకాయన ముంజేతి కండరంలో, రక్షణ దళం గుర్తుపట్టకుండా జన్యువులు మార్చిన కణాలు పెట్టారు. ఏ అణిచే మందూ లేకుండానే అవి బతికి ఇన్సులిన్ చేశాయి. నాకు అన్నిటికంటే ఆశ పుట్టించింది ఇదే. మోతాదు చాలా చిన్నది కాబట్టి ఆయన ఇంకా ఇన్సులిన్ తీసుకుంటూనే ఉన్నాడు.

మరి ఈలోగా సూది ఆపితే ఏమవుతుంది? టైప్ 1 పిల్లల్లో ఒకటి రెండు రోజుల్లోనే కీటోన్లు (ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) పేరుకుంటాయి. దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, కడుపునొప్పి, లోతైన ఊపిరి, మత్తు. షుగర్ ఉన్న పిల్లలకు వాంతులొస్తే ముందు షుగర్, కీటోన్లు చూడాలి, కడుపునొప్పి మాత్ర తర్వాత. ఊపిరి మారినా, మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఇంకొకటి, "అన్నం తినలేదు కదా, అందుకే సూది వేయలేదు" అని ఎంతమంది తల్లులు చెప్పారో లెక్కలేదు. తినకపోయినా రోజూ వేసే నిదానపు ఇన్సులిన్ ఆపకూడదు. జ్వరంలో ఒక్కోసారి ఇంకా ఎక్కువే కావాలి. మోతాదు మీ డాక్టర్‌ని అడగండి, రాత్రయినా సరే.

మూలకణాల పేరుతో బోర్డులు పెట్టి డబ్బు అడిగేవాళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన దేశంలో 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం మూలకణాలతో ఆమోదం ఉన్న చికిత్స రక్త సంబంధ జబ్బులకు చేసే ఎముక మజ్జ తరహా మార్పిడి ఒక్కటే. మిగతా ఏ జబ్బుకైనా అది పరిశోధనగానే జరగాలి, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో (మనుషుల మీద చేసే చికిత్సా పరిశోధనల జాబితా) నమోదై ఉండాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. రిజిస్ట్రీ నంబర్ అడగండి. గుంతకల్లు దగ్గర ఒక తండ్రి రెండెకరాల మెట్ట అమ్మి ఇలాంటిచోట కట్టాడు. కూతురి షుగర్ ఎట్లుందో అట్లే ఉంది. ఏమన్నా అంటే బాధపడతాడని ఆయన్ను నేను ఏమీ అనలేదు. ఇప్పుడు అనిపిస్తోంది, కట్టకముందే నా దగ్గరకొచ్చి అడిగే చనువు ఇవ్వాల్సింది నేనేనని.

అపోహ: తిండి తగ్గిస్తే షుగర్ పూర్తిగా పోతుందని పరిశోధనలో తేలింది.

వాస్తవం: తేలింది, టైప్ 2లో, అంటే ఇన్సులిన్ ఉన్నా ఒంటికి సరిగ్గా పట్టని రకంలో. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే పరిశోధన, 2017లో అచ్చయింది. కొన్ని నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారంతో బరువు తగ్గించినవాళ్లలో ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లనే తీసుకున్నారు. ఇన్సులిన్ వాడేవాళ్లను అసలు తీసుకోనేలేదు. మాత్రలు ఆపింది కూడా డాక్టర్ల కళ్ల ముందే. దాన్ని తీసుకొచ్చి, బీటా కణాలే మిగలని పిల్లోడికి అంటగడితే ఎట్లా? టైప్ 2 ఉండి, పొట్ట ఉండి, ఈమధ్యే బయటపడినవాళ్లయితే మాత్రం రండి, మీతో ఆ దారిలో నడవడం నాకు సంతోషం.

కొర్రలు తింటే షుగర్ పోతుందన్న మాటా ఇంతే. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆధ్వర్యంలో 2021లో పాత పరిశోధనలన్నీ కలిపి చూశారు. చిరుధాన్యాల సగటు గ్లైసీమిక్ సూచిక (తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) 52.7, తెల్లన్నానికి 70 పైన. చాలాకాలం తిన్న షుగర్ రోగుల్లో పరగడుపు షుగర్ 12 శాతం తగ్గింది. మంచిదే, తినండి. మన సీమ వాళ్లకు కొర్రన్నం, రాగి సంగటి ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ సంగటిలోనూ పిండిపదార్థం నిండుగానే ఉంది. ముద్ద సైజు చూసుకోవాలి, పిల్లలకైతే దానికీ ఇన్సులిన్ లెక్క వేయాలి.

"ఇన్సులిన్ అలవాటు పడిపోతుంది" అంటారు. అన్నానికీ అట్లే అలవాటు పడ్డాం. టైప్ 1లో అది లేక ఒళ్లు బతకదు. ఇన్సులిన్ వాడకం మొదలైన 1922కు ముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు ఏడాది రెండేళ్లకు మించి ఉండడమే అరుదు.

"సైంటిస్టులు రోజుకో మాట చెబుతారు" అనేది ఇంకొకటి. మా ఇంట్లో ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు 2023లో కొరియావాళ్లు గది ఉష్ణోగ్రతలో పనిచేసే అతివాహకం (కరెంటును ఏ అడ్డూ లేకుండా పంపే పదార్థం) కనిపెట్టారని రాత్రంతా నిద్రపోలేదు. కొన్ని వారాల్లోనే మన ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలతో సహా ఎన్నో చోట్ల చేసి చూసి కాదని తేల్చారు. వాడు చాలా నిరాశపడ్డాడు. నేను వాడికి చెప్పింది, ఒకరు చెప్పింది పదిమంది చేసి చూడడమే సైన్సు పని అని. అలాంటి పదార్థం విషయంలో అయితే ఆ వారాలు ఊరికే ఆగి చూడొచ్చు. పిల్లోడి సూది విషయంలో ఆ తొందరకు ఖరీదు వేరు.

మా అన్నకు 1986లో, తాడిపత్రిలో, పదకొండేళ్లప్పుడు టైప్ 1 బయటపడింది. గాజు సిరంజి గిన్నెలో వేసి కిరోసిన్ స్టవ్ మీద మరగబెట్టే చప్పుడు నాకిప్పటికీ గుర్తే. అప్పుడు చూసిన డాక్టర్ మా అమ్మకు ధైర్యం చెప్పబోయి "ఐదేళ్లలో మందు వచ్చేస్తుందమ్మా" అన్నారు. ఆమె ఆ ఐదేళ్లూ వేళ్ల మీద లెక్కపెట్టింది. తర్వాత లెక్కపెట్టడం మానేసింది, సూది మాత్రం ఒక్కపూట మానలేదు. అన్నకు ఇప్పుడు యాభై దాటాయి. మనవరాలిని ఎత్తుకుని తిరుగుతున్నాడు.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. అమ్మ పెద్ద కుండలో ఇసుక పోసి, నీళ్లు చల్లి, మధ్యలో చిన్న కుండ పెట్టి అందులో ఇన్సులిన్ సీసా దాచేది. ఇప్పటికీ పల్లెల నుంచి వచ్చే తల్లులు "ఫ్రిజ్ లేదు మేడమ్, మందు పాడైపోయుంటాది" అని భయపడి, పాడైందనుకుని పారేసి, కొత్తది కొనలేక రెండు పూటలు ఆపుతున్నారు. ఈ భయం పోగొట్టే పరిశోధన ఉంది, అది మాత్రం నాకు ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. కెన్యాలోని డగహాలీ శరణార్థి శిబిరంలో ఉండే వేడినే లెక్కలోకి తీసుకుని, 25 నుంచి 37 డిగ్రీల మధ్య పెరుగుతూ తగ్గుతూ ఉండే చోట తెరిచిన సీసాలు నాలుగు వారాలు ఉంచి పరీక్షిస్తే ఇన్సులిన్ బలం నిలిచింది. 2021లో వచ్చిన పని. 2023లో వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ వాళ్లు ఉన్న ఆధారాలన్నీ చూసి, తెరవని కొన్ని రకాల హ్యూమన్ ఇన్సులిన్ 37 డిగ్రీల దాకా రెండు నెలలు నిలుస్తుందన్నారు. అమ్మకు ఇది చదివి వినిపించాను. "మరి పాడైతే మీ అన్న ఉండునా" అంది.

మన దగ్గర మే నెలలో 40 దాటుతుంది కాబట్టి కుండ కావాల్సిందే. నీడన, గాలి ఆడేచోట పెట్టి ఇసుక తడి ఆరకుండా చూడండి. రేకుల కింద, టీవీ మీద, బండి డిక్కీలో వద్దు. ఫ్రిజ్ ఉన్నవాళ్లు డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గడ్డకడితే అది పనికిరాదు. తేటగా ఉండాల్సింది మబ్బుగా మారినా, పాలలా ఉండేది గాజుకు ఉండలుగా అంటుకున్నా పారేయండి. సీసా మీద 40 (ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు) అని ఉంటే సిరంజి మీదా 40 ఉండాలి. ఎర్ర మూతది అడగండి. 40 సీసాకు 100 సిరంజి వాడి పది గీత దాకా తీస్తే వెళ్లేది నాలుగు యూనిట్లే. అటుదిటైతే, పది అనుకున్నది పాతికవుతుంది.

కళ్యాణదుర్గం పిల్లోడు పోయిన నెల వచ్చాడు. సూది ఇప్పుడు వాడే వేసుకుంటున్నాడు. జేజి మళ్లీ ఫోన్ తీసింది, ఈసారి స్వీడన్ సంగతి. "మేడమ్, ఇది నిజమేనా?" అంది. నిజమేనని చెప్పి, కణాలు చేతిలో ఎట్లా పెట్టారో కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. "అయితే ఇంగ ఎన్నేండ్లమ్మా?" అంది. నాకు తెలియదన్నాను. తెలిసిన రోజు నేనే ఫోన్ చేస్తానని ఆమె నంబర్ నా డైరీలో రాసుకున్నాను.