పట్టుకున్నవాళ్లే తీర్పు చెప్పరు, బిడ్డా

హన్మకొండ

బిడ్డలారా,

"దొంగ దొరికాడు కదా తాతా, ఇంక కోర్టెందుకు? జైల్లో వేస్తే అయిపోతది" అని మొన్న అడిగారు. ఫోన్‌లో తెగే ముచ్చట కాదని ఉత్తరం రాస్తున్నా.

ఏది నేరమో, శిక్ష ఎంతో రాసేది చట్టసభ. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత పార్లమెంటు చేసిందే. కానీ ఫలానా మనిషి దొంగ అని తేల్చే పని చట్టసభది కాదు. నిన్న నేరం కాని పనికి ఇవాళ చట్టం తెచ్చి శిక్ష వేయడమూ కుదరదు, రాజ్యాంగం 20వ అధికరణం ఒప్పుకోదు.

ఎవరు చేశారో వెతికేది పోలీసులు. ఎనుమాముల మార్కెట్లో రాత్రి మిర్చి బస్తాలు పోయాయనుకోండి. ఎఫ్ఐఆర్ రాస్తారు, సాక్షుల ఎదుట చూసింది రాసుకునే పంచనామా చేస్తారు, సాక్షులను విచారిస్తారు. ఎవరినైనా అరెస్టు చేస్తే, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. పెద్దల్లో కూడా చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: "నేనే ఎత్తుకుపోయాను సార్" అని పోలీసుల దగ్గర ఒప్పుకున్నా, ఆ ఒప్పుకోలును పట్టుకుని కోర్టు శిక్ష వేయదు. దెబ్బలకు భయపడి చేయనిది కూడా చేశానని చెప్తారు మనుషులు. బ్రిటిష్ కాలం నుంచీ ఉన్న నియమం ఇది. మేజిస్ట్రేట్ ముందు ఒప్పుకోవాలన్నా, "నువ్వు చెప్పి తీరాలని లేదు, చెబితే నీ మీదే సాక్ష్యం అవుతుంది" అని ముందుగా హెచ్చరించాలి.

ఎవరి మీద ఏ నేరమో, సాక్ష్యాలేమిటో రాసిన చార్జిషీట్‌ను పోలీసులు వేశాక కేసు కోర్టుకొస్తుంది. అసలు సంగతి తేలేది ఇక్కడే. వాచ్‌మన్ బోనెక్కి "ఇతన్నే చూశాను" అంటాడు. ముద్దాయి వకీలు లేస్తాడు. ఎంత దూరం నుంచి చూశావు? లైటు వెలుగుతోందా? ముఖం చూశావా, వీపు చూశావా? ఈ ముక్క పోలీసులకు ఆ రోజే ఎందుకు చెప్పలేదు? రాయిలా కనిపించిన సాక్ష్యం ఒక్కోసారి ఈ నాలుగు ప్రశ్నలకే కూలిపోతుంది. సాక్షులంతా అయ్యాక, నీ మీద ఇన్ని మాటలు చెప్పారు, నువ్వేమంటావని జడ్జి ముద్దాయినే అడుగుతారు. సబబైన అనుమానం మిగిలితే వదిలేయాల్సిందే. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

2008 డిసెంబరులో మన వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఒక అమ్మాయి దక్కలేదు. అరెస్టయిన ముగ్గురు యువకులు కొద్దిరోజుల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తమ మీద దాడి చేయబోతే కాల్చామని పోలీసులు చెప్పారు. ఊళ్లో చాలామంది సంబరపడ్డారు. ఆ అమ్మాయిల తల్లిదండ్రుల కడుపుకోత ముందు నా మాట ఎంత? అయినా చెప్తున్నా: ఆ ముగ్గురిలో ఎవరు ఏం చేశారో ఏ జడ్జి ముందూ తేలలేదు. ఇక తేలదు కూడా. వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే నాకూ కోపమొస్తుంది. జడ్జీలను పెంచమని, ఖాళీలు నింపమని గట్టిగా అడుగుదాం. అంతేగానీ తుపాకీ తీర్పు చెప్పడం నేను ఒప్పుకోను.

కింది కోర్టు తీర్పు తప్పనిపిస్తే పై కోర్టుకు, ఆపైన హైదరాబాద్‌లో హైకోర్టుకు పోవచ్చు. శిక్ష పడినవాళ్లే కాదు, ప్రభుత్వమూ పోవచ్చు. మామూలుగా విచారణను ఎవరైనా వెళ్లి వినొచ్చు. సెలవులకు వచ్చినప్పుడు, కోర్టు నడిచే రోజు చూసి మిమ్మల్ని తీసుకుపోతా.

మీ తాత