కౌలు కార్డు మీద యజమాని సంతకం: పేచీ ఎక్కడ మొదలైంది?

ఆంధ్రప్రదేశ్‌లో రైతులకిచ్చే పెట్టుబడి సాయం అన్నదాత సుఖీభవ తొలి విడత 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలంలో మొదలైంది. రాష్ట్రం వాటా 5,000, పీఎం కిసాన్ 2,000, కలిపి 7,000 రూపాయలు పట్టాదారుల ఖాతాల్లో పడ్డాయి. కౌలు రైతు సంగతి తర్వాత చూస్తామన్నారు. పీఎం కిసాన్ ఎటూ సొంత భూమి ఉన్నవాళ్ళకే. కాబట్టి కౌలు రైతుకు ఏడాదికి చెప్పిన 20,000 మొత్తం రాష్ట్రమే భరించాలి. అది అందాలంటే సీసీఆర్సీ, అంటే పంట సాగుదారు హక్కుల కార్డు ఉండాలి. కార్డు రావాలంటే పొలం గల ఆసామి ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. ఏటా తొలకరికి లేచే రగడ అక్కడికొచ్చి ఆగిపోతోంది.

జమీందారీ రద్దు దగ్గర్నుంచి ఎత్తుకోనక్కర్లేదు. 2011 చట్టానికీ 2019 చట్టానికీ మధ్య మారిన ఒక్క షరతు చూస్తే నేటి చిక్కు చాలావరకు అర్థమవుతుంది.

2011లో ఉమ్మడి రాష్ట్రం భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చింది. యజమాని బాహాటంగా ఒప్పుకున్నా, ఊరికే ఊరుకుని సాగు చేయనిచ్చినా, కనీసం ఒక పంటకాలం దున్నుకునేవాడిని అది సాగుదారుగా గుర్తించింది. ఆ రెండో మాటలోనే కీలకమంతా ఉంది. దరఖాస్తు పెట్టుకునేది కౌలు రైతు. పొలం ఎవరు చేస్తున్నారో విచారించేది రెవెన్యూ సిబ్బంది. యజమానికి అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకోవచ్చు, చెప్పకపోతే కార్డు ఆగదు. ఏడాది గడువుతో ఇచ్చే ఆ రుణ అర్హత కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాశారు.

మరి ఎక్కడ బెడిసింది? బ్యాంకులో. కార్డు పట్టుకెళ్ళిన రైతును మేనేజరు ముందు సర్వే నంబరు అడుగుతాడు. ఆ నంబరు మీద పాస్‌బుక్కు పెట్టి యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే పొలానికి రెండు పంట రుణాలు కుదరవంటారు. పంట వేయనివాడికి ఇచ్చింది పంట రుణం ఎలా అవుతుందని మాత్రం ఎవరూ అడగరు. దానికి విరుగుడుగా నలుగురి నుంచి పదిమంది వరకు కలిసి ఉమ్మడి పూచీ మీద అప్పు తీసుకునే సంఘాలు ఉన్నాయి గానీ, ఒక్కడు బాకీ పడితే మిగతావాళ్ళందరికీ తలుపు మూసుకుంటుంది.

అంటే 2011 చట్టంలో కౌలుదారును గుర్తించే పద్ధతి సవ్యంగానే ఉంది. లోపం అప్పు దగ్గర వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చినప్పుడు సరిచేయాల్సింది ఆ అప్పు ముడినే. మార్చింది మాత్రం గుర్తింపు పద్ధతిని. 11 నెలల ఒప్పందం నిర్ణీత నమూనాలో రాసుకోవాలి, యజమాని సంతకం పెట్టాలి, వీఆర్వో ధ్రువీకరించాలి. ఆ తర్వాతే కార్డు. భూమి హక్కు యజమానిదే, పంట మీద హక్కు సాగుదారుది అని అందులోనూ రాశారు. కాగితం మీద మాట బాగానే ఉంది. కానీ అంతకుముందు అభ్యంతరం చెప్పడానికి యజమాని కదలాలి, ఇప్పుడు అతన్ని కదిలించడానికి కౌలు రైతు ఊరూరా తిరగాలి. ఆసామి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే ఫోన్లో ‘చేసుకో, నాకేం అభ్యంతరం లేదు’ అంటాడు. ఆ మాటకు వీఆర్వో దగ్గర విలువ లేదు.

కార్డు లేకపోతే ఏం పోతుందో వరి పొలంలో లెక్క వేసి చూడవచ్చు. డెల్టాలో ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండాయనీ, మక్తా, అంటే యజమానికి కొలిచే కౌలు, 15 బస్తాలకు మాట్లాడుకున్నారనీ అనుకుందాం. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాకు 2,369 రూపాయలు, అంటే బస్తా 1,777. కౌలు రైతుకు మిగిలే 15 బస్తాల విలువ 26,650. దుక్కి, నాట్లు, ఎరువు, కోత అన్నీ అందులోంచే తీయాలి. పెట్టుబడికి 40,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఎనిమిది నెలలకు వడ్డీయే 6,400. అదే బ్యాంకు పంట రుణమైతే, సకాలంలో కట్టినవాడికి రాయితీ పోను 4 శాతం చొప్పున 1,070 లోపే. తేడా దాదాపు మూడు బస్తాలు.

అంతకంటే పెద్ద దెబ్బ ఈ-క్రాప్, అంటే ప్రభుత్వ పంట నమోదు దగ్గర పడుతుంది. కార్డు లేని చోట పంట నమోదు తరచుగా యజమాని పేరు మీదే జరుగుతుంది. ఆ పేరునే రైతు సేవా కేంద్రంలో ధాన్యం అమ్మాలి, ఆ ఖాతాలోనే డబ్బు పడుతుంది. తుపానుకు చేను పడిపోతే ఇన్‌పుట్ సబ్సిడీ, బీమా పరిహారం కూడా అక్కడికే. మంచి ఆసామి తీసి ఇస్తాడు. కొందరు మక్తా బాకీలో చెల్లు వేసుకుంటారు. అడిగితే వచ్చే ఏడు పొలం ఉండదు.

పదకొండు నెలల గడువులోనూ ఒక మెలిక ఉంది. వరికి, అపరాలకు అది సరిపోతుంది. చెరకు మొక్క తోట నరికి, మోళ్ళ నుంచి మళ్ళీ వచ్చే కార్శి పెంచేవాడికి పంట మధ్యలోనే కార్డు చెల్లకుండా పోతుంది, మళ్ళీ సంతకం కోసం అదే గుమ్మం ఎక్కాలి. ఇంత తిరిగి కార్డు తెచ్చుకున్నా ఆంధ్రప్రదేశ్‌లో నాటి రైతు భరోసా పెట్టుబడి సాయం కౌలుదారుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే వర్తించింది. ఓసీ కౌలు రైతుకు ఆ 13,500 రాలేదు.

యజమానుల వాదన ఒక్కటే: సంతకం పెడితే పొలం పోతుంది. ఈ భయం ఉత్తిది కాదు, 1956 ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం, దానికి 1974లో చేసిన సవరణ నుంచి వచ్చింది. కౌలు గడువు కనీసం ఆరేళ్ళు. ఖాళీ చేయించాలంటే ఆ చట్టం కింద నియమించిన ప్రత్యేకాధికారి దగ్గర కేసు నెగ్గాలి. పొలం అమ్మితే కొనే మొదటి అవకాశం కౌలుదారుకే. ప్రభుత్వ నీటి వనరు కింద సాగయ్యే భూమికి కౌలు దిగుబడిలో 30 శాతం దాటకూడదు. పైన వేసిన లెక్కలో 15 బస్తాలన్నాం, ఆ సవరణ ప్రకారమైతే 9 మాత్రమే. అందుకే కౌలు నోటి మాటలోకి దిగింది, ఊరి సాగు లెక్కలు రాసే అడంగల్లోంచి కౌలుదారు పేరు మాయమైంది. 2011 కార్డులోనూ 2019 కార్డులోనూ ఆరేళ్ళూ లేవు, కొనే హక్కూ లేదు. ఆ సంగతి యజమానులకు విడమరిచి చెప్పే పని ఏ ప్రభుత్వమూ గట్టిగా చేయలేదు. 2018-19 జాతీయ శాంపిల్ సర్వేలో కౌలు కమతాల వాటాలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే, 42 శాతం. ఇంత పెద్ద వ్యవహారం ఎక్కువగా నోటి మాట మీదే నడుస్తోంది.

తెలంగాణది మరో తీరు. అక్కడ భయానికి మూలం 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం. రక్షిత కౌలుదారులకు 38-ఈ సెక్షన్ కింద యాజమాన్య పత్రాలే ఇచ్చారు. ఇప్పుడు రాష్ట్రంలో 2011 చట్టం రద్దు కాలేదు, అమలూ లేదు. 2018 మేలో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారులకే పరిమితమైంది. అడంగల్ లాంటిదే అయిన పహాణీలో, పొలం ఎవరు చేస్తున్నారో రాసే అనుభవదారు గడి కూడా తీసేశారు. 2023 ఎన్నికల్లో కౌలు రైతుకూ ఎకరాకు ఏటా 15,000 ఇస్తామన్న హామీ వచ్చింది. 2025 జనవరిలో ఆ సాయమే తెలంగాణలో రైతు భరోసా పేరుతో ఎకరాకు 12,000గా మొదలైనప్పుడు అదీ పట్టాదారుకే వెళ్ళింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు కౌలు రైతు సంఘాలు అడుగుతున్నది ప్రధానంగా సంతకం షరతు తీసేయమని. సాగుదారు స్వయంగా ప్రకటన ఇవ్వాలి, గ్రామసభలో పేర్లు చదవాలి, గడువులోగా యజమాని అభ్యంతరం చెప్పకపోతే కార్డు ఇవ్వాలి. 2011లో రాసుకున్నది దాదాపు ఇదే. బ్యాంకు దగ్గరి పేచీకి మాత్రం ఇందులో జవాబు లేదు: యజమాని పేరున ఆ సర్వే నంబరు మీద రుణం ఉన్నంతకాలం, సంతకం ఉన్న కార్డునైనా లేని కార్డునైనా మేనేజరు వెనక్కే తోస్తాడు.